సూర్యకాంతశబ్దవిచారము

ఒక నటి చరిత్రము సాహిత్యపరిశోధకుల పత్రికలోఁ జేరఁదగునా యని పెద్దలు కొందఱు శంకింపవచ్చును. నాకు నాట్యశాస్త్రమునఁ బరిచయము కొంచెము. వ్యాకరణమునఁ గొంత యెక్కువ. ఆ త్రోవనే యీ విషయమునకు వచ్చితిని. తెలుఁగుదేశమున నే యూరి వీథిలోనైనను, గొంతెత్తి పొరుగువారితోఁ బోరాడు నొక యిల్లాలిని జూపి “ఆమె సూర్యకాంతమండీ” యన్నచో, వినువాఁడు దానికి వ్యాఖ్య యడుగఁడు. నిఘంటువులో నామాట యొక మణికిఁ బేరు. కాకినాడ ప్రాంతమునఁ బుట్టి మదరాసులోఁ గీర్తి గడించిన యొక స్త్రీకి నది తల్లిదండ్రు లిడిన పేరు. లోకవ్యవహారమున నది యొక స్వభావమునకుఁ బేరు. ఈ మూఁడర్థములు నొక్క శబ్దమున నెట్లు కూడినవి, వానిలో మూఁడవది రెండవదాని నెంతవఱకు మ్రింగినది యనునదియే యీ వ్యాసమునకు విషయము.

మణిని గూర్చి చెప్పవలసినది స్వల్పము. చంద్రకాంతము, సూర్యకాంతము కవిసమయసిద్ధములైన జంటమణులు. వెన్నెల సోఁకఁగా మొదటిది కరఁగును. ఎండ సోఁకఁగా రెండవది నిప్పు గ్రక్కును. సూర్యుఁడు ప్రియుఁడుగాఁ గలది యని బహువ్రీహి చెప్పినను, సూర్యునకుఁ బ్రియమైనది యని షష్ఠీతత్పురుషము చెప్పినను వస్తువునందు భేదము లేదు. కాళిదాసు శాకుంతలము రెండవయంకమున దుష్యంతునిచేత మునులను గూర్చి పలికించుచు నీ మణిని దృష్టాంతముగాఁ దెచ్చెను. తాఁకిచూచిన నది చల్లనిదే. పరతేజస్సు తన్ను లొంగఁదీయ వచ్చినపుడు మాత్రమే లోపలి వేఁడిని బయటఁ బెట్టునని యచ్చటి భావము. ఈ పోలికను చదువరులు గుర్తుంచుకొందురుగాక. ముందు దానితోఁ బనియున్నది.

శబ్దరూపమునందును నొక విశేషము గలదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున మహద్వాచకములకు డువర్ణకమును, అమహత్తులకు మువర్ణకమును విధించెను. లోక మాఁడుబిడ్డలకు రత్నము, మాణిక్యము, కాంతము అని మువర్ణాంతములైన పేళ్లు పెట్టుటలో నిది దోషమని యెన్నఁడును దలఁపలేదు. విలువగల వస్తువుపేరు బిడ్డకుఁ బెట్టుట ముద్దు. మునిమాణిక్యం నరసింహారావుగారి కథలలోని కాంతమును దెలుఁగువా రెల్లరుఁ దమయింటి యిల్లాలివలెఁ బ్రేమించిరి. ఆ కాంతమునకు ముందు సూర్యుఁడు చేరఁగానే జనులు బెదరుచున్నారు. ఈ బెదరు నిఘంటువువలనఁ గలిగినది కాదు.

ఈ పేరు ధరించిన నటి 1924వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీని కాకినాడసమీపమందలి వేంకటకృష్ణరాయపురమునఁ బుట్టెను. తల్లిదండ్రులకుఁ బదునాలుగవ సంతానమఁట. ఆఱేండ్ల ప్రాయముననే పాటయు నాటయు నభ్యసించెను. ఆ కాలమునఁ గాకినాడ నాటకములకుఁ బెట్టినది పేరు. ఎస్. వి. రంగారావు, అంజలీదేవి మొదలగువారు యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు వేదికమీఁద నిలిచి పిమ్మటఁ జిత్రసీమకుఁ బోయినవారే. ఈ బాలికయు రంగస్థలమున వేషములు కట్టి, యక్కడినుండియే మదరాసునకుఁ బోయెను. నాటకశాలలో కడపటి వరుసవానికి మాట వినఁబడవలయును, వినఁబడుటయేకాక తెలియవలయును. ఆ యభ్యాస మామెకుఁ జివరివఱకు నుపయోగించినది.

మదరాసులో మొదట లభించినది జెమినీ స్టూడియోలో నెలజీతపు నర్తకి పని. 1948లో వెలువడిన చంద్రలేఖలోని నృత్యబృందమున నామెయు నొకతె. అంతకుముందే 1946లో నారద నారది యను చిత్రమునఁ జిన్న వేషము దొరకెను. నాయిక కావలయునను కోరిక యామెకు లేకపోలేదు. అట్టి యవకాశము చేతి కందిన సమయమున కారు ప్రమాదమున ముఖమునకు గాయమై యది తప్పిపోయెనని చెప్పుదురు. మఱొకసారి, ముందుగా నియమింపఁబడిన యొక నటిని దొలఁగించి యా స్థానము తనకిచ్చుచున్నారని తెలిసి, యొకరి నేడిపించి తాను సంతోషింపఁజాలనని యామె నిరాకరించెనని ప్రతీతి. ఈ రెండవదానిని నేను విశేషముగాఁ జెప్పుచున్నాను. తరువాతి నలువదియేండ్లు తెరమీఁద నితరుల నేడిపించుటయే యామెకు వృత్తియయ్యెను గదా!

1950లో ఎల్. వి. ప్రసాదు దర్శకత్వమున సంసారము వెలువడెను. అందలి గయ్యాళి వేషముతో నామె దారి యేర్పడినది. ఆ యేఁడే యామెకు వివాహమయ్యెను. అప్పటికామెకు నిరువదియాఱేండ్లు. ఆ ప్రాయమున నత్త వేషము కట్టుట కొప్పుకొన్న నటి, యిఁక నాయిక వేషమునకుఁ దిరిగి రాఁజాలదని యెఱుఁగును, ఎఱిఁగియే యొప్పుకొనెను. ఒక లెక్క చెప్పెదను. నందమూరి తారకరామారావు 1923 మేనెలలోఁ బుట్టెను. అక్కినేని నాగేశ్వరరావు 1924 సెప్టెంబరులోఁ బుట్టెను. 1962లో వెలువడిన గుండమ్మకథలో నీ యిద్దఱు నామెకు నల్లుండ్రు. అల్లుండ్రిద్దఱును నత్తగారికంటెఁ బెద్దవారు! చూచువారి కీ సంగతి యొక్క క్షణమైనను దోఁపకపోవుటయే యామె విద్యకుఁ బ్రమాణము.

సంసారము మొదలుకొని వేషములు వరుసగా వచ్చినవి. 1952లోని పెండ్లిచేసి చూడులోఁ జుక్కలమ్మ, 1957లోని తోడికోడళ్లులో ననసూయ, 1961లోని వెలుఁగునీడలలోఁ గనకదుర్గమ్మ, పిమ్మట గుండమ్మ. ఇవి కొన్నిమాత్రమే. తోడికోడళ్లు శరచ్చంద్రుని నిష్కృతినుండి పుట్టిన కథ. అందు ఉమ్మడి కుటుంబమును జీల్చు కోడలికి ననసూయ యను పేరు తగిలినది. అసూయ లేనిది యని యవయవార్థము! రచయిత బుద్ధిపూర్వకముగాఁ బెట్టెనో, కాకతాళీయమో, వైయాకరణునకు మాత్ర మాపేరు విన్నప్పుడెల్ల నవ్వు వచ్చును.

ఇఁక ముఖ్యవిషయము. శబ్దప్రవృత్తి నాలుగు తెఱఁగులని మహాభాష్యకారుఁడు చెప్పెను: జాతి, గుణము, క్రియ, యదృచ్ఛ. గోవన్నది జాతిశబ్దము, తెల్లనిదన్నది గుణశబ్దము, నడచునదన్నది క్రియాశబ్దము; డిత్థుఁడన్నది యదృచ్ఛాశబ్దము. తల్లిదండ్రులు తమ యిష్టముచొప్పునఁ బెట్టిన పేరు నాలుగవదానిలోఁ జేరును. 1924లో నొక యింట సూర్యకాంతమని పేరు పెట్టునప్పుడు అది కేవలము యదృచ్ఛాశబ్దము. నేఁడు “ఆ యింట నిద్దఱు సూర్యకాంతములున్నారు” అనవచ్చును. ఆ యిద్దఱిలో నెవ్వరి పేరును సూర్యకాంతము కాకపోయినను వాక్యము చెల్లును. సంజ్ఞాశబ్దము సహజముగా బహువచనమును సహింపదు. సహించినచో నది సంజ్ఞాత్వమును వీడి జాతివాచకమైనదని తెలియవలయును. పాఠశాలలోఁ బిల్లలకు నామవాచకభేదములు చెప్పు పండితులకు నింతకంటె సుకరమైన యుదాహరణము దొరకదు.

ఇది మొదట గౌణీవృత్తి. బాలుఁడు సింహమని శాస్త్రములలోని ప్రాఁత యుదాహరణము. సింహమునందలి శౌర్యము బాలునియందుఁ గనఁబడుటచే నాతఁడు సింహమనఁబడెను. ఆ నటి తెరమీఁదఁ జూపిన నోటిదురుసు పొరుగింటి యామెయందుఁ గనఁబడుటచే నామె సూర్యకాంతమనఁబడెను. ప్రయోగము ముదురఁగాఁ బోలికను స్మరింపవలసిన యవసరము తప్పి, లక్షణ నిరూఢమైనది. కుశలుఁడన్న మాట వినునప్పుడు దర్భలు కోయువాఁ డెవ్వనికిని స్ఫురింపనట్లు. ఆమె చిత్ర మొక్కటియుఁ జూడని పిల్లలు సైత మీమాట వాడుచుండుట నేను విన్నాను.

ఐతే యిట్టి మాటలు తెలుఁగునఁ గొల్లలుగా లేవా? దాతను గర్ణుఁడందుము, సత్యవంతుని హరిశ్చంద్రుఁడందుము, తగవులు పెట్టువానిని నారదుఁడందుము, కపటిని శకుని యందుము, మంథరయు, కుంభకర్ణుఁడును నట్టివారే. కన్యాశుల్కము పుట్టిన పిదప గిరీశములు మనకు వీథివీథినిఁ గనఁబడుచున్నారు. వీనికెల్ల నొక సామ్యమున్నది: ఇవి పాత్రల పేళ్లు. శకుని వేషము కట్టిన నటుని పేరు కపటికి నెవ్వరును బెట్టలేదు. గిరీశము వేషము కట్టినవా రెందఱో. గిరీశము మాత్రము గిరీశముగానే మిగిలెను. సూర్యకాంతమన్నది పాత్ర పేరు కాదు. అది నటి పేరు. పాత్ర పేరు పోయి నటి పేరు జాతివాచకమగుట మన భాషలో మిక్కిలి యరుదు. పరిశోధకుల దృష్టి కెక్కవలసినది యిది.

దీనికిఁ గారణము నన్వయవ్యతిరేకములచేతఁ దెలియును. ఏది యున్నప్పుడు ఫలమున్నదో, ఏది లేనప్పుడు ఫలము లేదో యదియే కారణమని మన పద్ధతి. చుక్కలమ్మ పోయి యనసూయ వచ్చెను. అనసూయ పోయి కనకదుర్గమ్మ వచ్చెను. కథలు వేఱు, రచయితలు వేఱు, నిర్మాతలు వేఱు. ఒకచో పెంపుడు బిడ్డమీఁదఁ గినుక, యొకచో తోడికోడలిమీఁద నసూయ, మఱియొకచో సవతికూఁతురిమీఁద బరువు మోపుట. పేళ్లన్నియు మాఱినవి, ఆ గొంతు, ఆ చూపు, గాలిలోఁ ద్రిప్పు నా యెడమచేయి మాఱలేదు. మాఱనిదానిమీఁద శబ్దము నిలిచినది. శకునికి వ్యాసుఁ డొక్కఁడే కర్త. కావున శకుని నిలిచెను. గయ్యాళి యత్తకుఁ గర్త లెందఱో. కావునఁ బాత్రలు చెదరి పాత్రధారిణి నిలిచెను.

ఇట్టి స్త్రీ మన సాహిత్యమున లేదని కాదు. చీపురుగట్టతో వచ్చిన పూటకూళ్లమ్మను గురజాడ యప్పారావుగారు మనకుఁ జూపిరి. వీరేశలింగముగారి ప్రహసనములలో నోరుగల స్త్రీలు గలరు. అత్తాకోడండ్ర పాటలు స్త్రీలనోటఁ దరతరములుగా నున్నవి. కాని గయ్యాళికిఁ జెవిలో నిలుచు నొక స్వర మంతకుముందు లేదు. ఆ స్వరమును గూర్చి కొంత చెప్పక తీఱదు.

భరతుఁడు వాచికాభినయమునఁ గాకువును సాకాంక్షము, నిరాకాంక్షమని రెండుగా విభజించెను. అర్థము ముగియక మఱొకదానికై యెదురుచూచునట్లు పలుకునది మొదటిది. సూర్యకాంతము వాక్యములలోఁ బెక్కులు సాకాంక్షములు. ఎత్తుకొనుట మెత్తగా నుండును. నడుమ నొక పదమువద్దఁ, దఱచుగా ఖర్చు మాటయో పుట్టింటి మాటయో వచ్చినచోట, స్వరము చివుక్కున లేచును. కడపటి యచ్చు సాగి, యెదుటివాని జవాబునకై గాలిలో నిలిచియుండును. ఎదుటివాఁడు చిక్కుకొనక తప్పదు. ఇంత వడిగాఁ బలికినను నక్షర మొక్కటియు మ్రింగఁబడదు. ఒత్తులు, ద్విత్వములు, దీర్ఘములు వేనిస్థానమున నవి యుండును. ఇప్పటి చిత్రములలో మైకు నోటిప్రక్కనే యుండఁగాఁ గూడ మాట తెలియక ప్రక్కవాని నడుగుచున్న మాబోఁట్లకు నిది చిన్న సంగతి కాదు. వర్ణోచ్చారణము నేర్పు పంతుళ్లు బాలురకు శిక్షాగ్రంథములతోపాటు గుండమ్మకథలోని నాలుగు ఘట్టములు వినిపించినచో మేలు, నవ్వుచు నేర్చుకొందురు.

గుండమ్మకథ 1962 జూన్ నెలలో విజయావారు కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వెలువరించిన చిత్రము. 1958లోని యొక కన్నడచిత్రము దీనికి మూలము. గుండమ్మ యను పేరును నక్కడిదే. తెలుఁగున నంతగా వాడుకలేని పేరైనను నిర్మాతలు దానిని మార్చలేదు. మాటలు డి. వి. నరసరాజువి. గుండమ్మకై ప్రత్యేకముగా గయ్యాళి మాటలు వ్రాయనక్కఱలేదు, సూర్యకాంత మున్నదిగదా యని చక్రపాణి యాతనితో ననెనని ప్రతీతి. ఇది నిజమైనచో, రచయిత వ్రాయక విడిచిన యర్థమును నటి స్వరముచేఁ బూరించినదని యర్థము; అనఁగా వాచ్యము సామాన్యము, వ్యంగ్య మామెది. ఆ చిత్రమున నిద్దఱు మహానాయకు లున్నారు, సావిత్రి, జమున యున్నారు, రంగారావు గలఁడు. వీరినెల్లఁ గాదని యొక విధవరాలి పేరు చిత్రమునకు శీర్షికయయ్యెను.

సవతికూఁతురు లక్ష్మిని బనిమనిషిగాఁ జూచి, కన్నకూఁతురు సరోజను గారాబము చేయు తల్లి గుండమ్మ. ఒక్క యూపిరిలో నొకతెను గసరి, రెండవదానిని బుజ్జగించునపుడు స్వరభేదము వినఁదగినది. కాని నా మనస్సునకుఁ బట్టినది యుత్తరభాగము. ఛాయాదేవి ధరించిన దుర్గమ్మ యా యిల్లు చొచ్చి పెత్తనము చేపట్టి, గుండమ్మనే బాధించును. గయ్యాళికి మహాగయ్యాళి తగిలినదని జనులు మొదట నవ్వుదురు. కొంతసేపటికి నవ్వు నిలిచిపోవును. ఆ గొంతు తగ్గినది, ఆ యెడమచేయి లేవదు. తనయింటఁ దానే బందియైన ముసలి స్త్రీ కనఁబడును. అప్పుడు లక్ష్మి వచ్చి యామెను విడిపించుట న్యాయమని చూచువారందఱికిఁ దోఁచును. తొలిభాగమున గుండమ్మను దిట్టినవారే యప్పుడు జాలిపడుదురు. కేవలము క్రౌర్యమునే యభినయించిన నటికీ మార్పు సాధ్యము గాదు. ఆమె గయ్యాళితనమున మొదటినుండియు నొక వెఱ్ఱి యమాయకత దాఁగియున్నది. తనవారికై, తన తాళపుచెవులకై కలిగిన భయమే కసరుగా మాఱినది. కాళిదాసు చెప్పిన మణి యిదియే: పైవారి వేఁడి తగిలినపుడు గ్రక్కిన నిప్పేకాని, తనకుఁదాను మండునది కాదు.

దీనికి మఱియొక సాక్ష్యము 1957లోని మాయాబజారు. కె. వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన యా చిత్రమున నామె హిడింబ, రంగారావు ఘటోత్కచుఁడు. రాక్షసి యన్నచో నఱపు, కోఱ యని యెదురుచూచినవారికి నచ్చటఁ గనఁబడినది సుభద్రయు నభిమన్యుఁడును వచ్చినారని మురిసిన యింటి పెద్దయాఁడుది. ఆ గొంతే, ఆ బిగ్గరయే. కాని యిది చుట్టము లింటికి వచ్చినపుడు వాకిటినుండి పిలుచు బిగ్గర. గోదావరీతీరమున నిట్టి యాదరముగల పెద్దమ్మలు నేఁటికిని గలరు.

ఇతరుల నేడిపించి తాను సంతోషింపఁజాలనన్న యా యామె నిజజీవితమున నెట్టిదో తోడి నటులు పలుమాఱులు చెప్పియున్నారు. చిత్రీకరణమునకుఁ బోవునపుడు తాను వండిన పిండివంటలు తెచ్చి యందఱకుఁ బంచెడిది. ఒక చిత్రమునఁ జిత్తూరు నాగయ్యను నోటికి వచ్చినట్లు దూషింపవలసిన ఘట్టము ముగియఁగానే యాయన పాదములపైఁ బడి క్షమింపుమని యేడ్చెనని, యాయనయే యోదార్చెనని చెప్పుదురు. ధనవిషయమున మాత్రము కచ్చితమైన మనిషియఁట. తనకు రావలసిన పైకము విడువదు. ఇది దోషమని నేను దలఁపను. తిరుపతి పద్మావతీమహిళావిశ్వవిద్యాలయము వా రామెను గౌరవడాక్టరేటుతో సత్కరించిరి. 1994లో మదరాసునందుఁ బరమపదించెను.

ఇఁక నీ జాతివాచకమునకు వెల యెవరు చెల్లించిరి? సూర్యకాంతమను చక్కని పేరు మఱి యెవ్వరును బిడ్డకుఁ బెట్టుకొనలేనట్లు చేయుటయే యామె తెలుఁగుభాషకుఁ జేసిన యన్యాయమని నటుఁడు గుమ్మడి వేంకటేశ్వరరావు చమత్కరించెనని ప్రసిద్ధి. చమత్కారమున నిజము లేకపోలేదు. నేను బాల్యమునఁ జదివిన బడిలో నీ పేరుగల పిల్ల యొకతె యుండెను. ఎవ్వరితోను గట్టిగా మాటలాడి యెఱుఁగదు. హాజరు పిలుచునపుడు తరగతియంతయు నవ్వెడిది. పిలుచు పంతులుగారును నవ్వెడివారు. పెద్దతరగతికి వచ్చునప్పటికి నాపిల్ల పేరు మాఱినది. ఆలంకారికులు సాధారణీకరణమని చెప్పునది పాత్రవిషయము: రాముని శోకము రామునిదిగాఁ గాక మనదిగా నగుట. ఇచ్చట సాధారణమైనది భావము కాదు, ఒక వ్యక్తి పేరు. నాటకశాల వాకిటనే విడువవలసినదానిని జనము వీథిలోనికిఁ దెచ్చి, యెఱుఁగని పిల్లలకుఁ గూడఁ దగిల్చిరి.

ఆలోచింపఁగా, గొంతెత్తిన స్త్రీకి భాష చేసిన యన్యాయ మంతకుముందునుండియే యున్నది. గయ్యాళి యను మాటకుఁ దుల్యమైన పుంలింగశబ్దమును మన నిఘంటువులలో వెదకి చూతురుగాక. కోపించిన పురుషుఁడు “ఉగ్రుఁడు”, “నిక్కచ్చి మనిషి” యగును. సూర్యకాంత శబ్దమందలి యపకీర్తి నటి తెచ్చినది గాదు. ముందే యున్న చెడ్డమాట యామె పేరు తగిలించుకొని కొంచెము నవ్వుమొగము పెట్టినది. గయ్యాళి యన్నఁ దిట్టు. సూర్యకాంతమన్నచో సగము తిట్టు, సగము ముద్దు. అనిపించుకొన్న యామెయు నొక్కొకప్పుడు నవ్వి యూరకుండును. 2019లో నీ పేరుతోనే యొక చిత్రము వెలువడి, యందలి నాయికయైన యువతికే యీ పేరు పెట్టఁబడుట చూడఁగా శబ్దమునందలి వేఁడి కొంత చల్లారుచున్నదని తోఁచుచున్నది.

ఇఁక ముందు తెలుఁగునిఘంటువు కూర్చువారికి నాదొక మనవి. సూర్యకాంతము అను నారోపమున నర్థములు మూఁడు వ్రాయవలయును: 1. ఎండ సోఁకిన నగ్ని గ్రక్కు మణి. 2. (1924–1994) రంగస్థలచలనచిత్రనటి. 3. (లక్షణచే, రెండవ యర్థమునుండి) నోటిదురుసుగల స్త్రీ. మూఁడవ యర్థమునకు గుండమ్మను మాత్రమే ప్రయోగముగాఁ జూపి యూరకుండక, రెండవ యర్థముక్రింద హిడింబనుఁ గూడఁ బేర్కొందురుగాక.